రూతమ్మ టీచర్ ఎక్కలేని జీపు

ఈ ఉదయం వాగు ఒడ్డున జీపు ఆపి, ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, వాల్వు మీద పుల్ల పెట్టి నొక్కాను. బుసకొడుతూ గాలి బయటికి వచ్చింది. దాంతోపాటు పాత రబ్బరు వాసన. పక్కనే తడి నల్లమట్టి వాసన, వెనక బకెట్టులో కలిపి తెచ్చుకున్న సున్నం వాసన. మూడూ కలిసి ముక్కుకు తగిలేసరికి ఎడమ సీటు వైపు చెవి పెట్టాను. "ఓదెలూ, ఇంకెంతసేపు?" అనే గొంతు వినిపించింది. లేదు, వినిపించలేదు. వినిపించిందని రాస్తే చదివేవాళ్ల కళ్లు చెమ్మగిల్లేవి. కానీ అలా రాస్తే ఊరుకునే మనిషి కాదు ఆ గొంతు మనిషి.

ఆమె రూతమ్మ టీచర్. గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు పాఠాలు చెప్పింది. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరిన పడుచు. సన్నటి మనిషి, తెల్లచీర, పెద్ద గొంతు. ఒకరోజు బడికి ఆలస్యంగా పోయి, దారిలో పులి అడ్డం వచ్చిందని చెప్పాను. ఇంకో టీచరైతే బెత్తం తీసేవారు. ఆమె సుద్దముక్క నా చేతిలో పెట్టింది. "ఎంత పొడుగున్నదో గీతగియ్" అంది. నేను బోర్డు ఈ చివర నుంచి ఆ చివరి దాకా గీశాను. "సగం చెరుపు" అంది. చెరిపాను. "అందుల సగం." చెరిపాను. "ఇంక సగం." ఆఖరికి బోర్డు మధ్యలో జానెడు గీత మిగిలింది. "ఇదేంది, పిల్లినా?" అని అడిగింది. "కాదు టీచర్, కుక్క. కానీ చాన కోపంగ ఉండె" అన్నాను. తరగతంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. "కోపం చెరపకు, అది నిజమే ఉంటది. పోయి కూచో" అంది. అబద్ధం ఆడకూడదని ఆమె నాకు ఏనాడూ చెప్పలేదు. సగం చెయ్యమని మాత్రం జీవితమంతా చెప్పింది.

పెద్దయ్యాక నేను కొన్నేళ్లు బొగ్గుబాయిలోకి దిగి, తర్వాత నేలను పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టు గనిలో మట్టి మోసే డంపర్ ఆపరేటర్‌ని అయ్యాను. ఈ దేశంలోనే అతి పెద్ద డంపరు నడిపాను. సరే, మా గనిలో అతి పెద్దది. మా షిఫ్టులో, మిగతా రెండూ రిపేరులో ఉన్న రోజుల్లో. ఎత్తు మాత్రం నిజం. నిచ్చెనెక్కి క్యాబిన్‌లో కూర్చుంటే కింద నడిచే ఆఫీసర్ల టోపీలు అగ్గిపెట్టెల్లా కనిపించేవి. రిటైరైన రోజున మెడలో దండ వేసి, శాలువా కప్పి, నన్ను నేల మీద నిలబెట్టారు. మరునాటి నుంచి నేను కూడా అందరంత ఎత్తే. అది నాకు మింగుడుపడలేదు. అందుకే నాలుగు చక్రాలూ లాగే జీపు ఒకటి కొన్నాను. కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే, ఏ హంగూ లేనిది. మా ఇంటి ముందు పెట్టి రోజూ కడిగేవాణ్ణి. రెండిళ్ల అవతల ఉండే రూతమ్మ టీచర్ గేటు పట్టుకుని చూసేది.

అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. మోకాళ్లు పోయాయి. భర్త దావీదు సారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన గనిలో లాంప్ రూం గుమస్తా. దిగే ప్రతి కార్మికుడికీ తలదీపం చేతికిచ్చి, ఎక్కి రాగానే తిరిగి తీసుకునేవాడు. ఆయన్ని సొంతూళ్లో, తల్లిదండ్రుల పక్కన పూడ్చారు. తర్వాత ఓపెన్ కాస్టు పెరిగింది, ఊరు ఖాళీ అయింది, తారురోడ్డు గనిలోంచి తవ్విపోసిన మట్టిగుట్ట కిందికి పోయింది. సమాధుల తోట ఒక్కటి మిగిలింది. అక్కడికి పోవాలంటే గుట్ట చుట్టూ తిరిగి, బురద బాటలో పడి, వంతెన లేని వాగు దాటాలి. ఊరివాళ్లు తలో దిక్కుకూ పోయారు; వాగు ఎండిపోయిన ఎండాకాలంలో వచ్చి చూసి పోతారు. ఆమెకు అది ఒప్పదు. నవంబరులో సమాధుల పండుగనాడే పోవాలి, ఆనాడే సున్నం వెయ్యాలి. మూడేళ్లుగా పోలేకపోయింది.

"ఎండాకాలం పోతె ఏమైతది టీచరమ్మా" అన్నాను ఒకసారి.

"లాంప్ రూంల పనిచేసిన మనిషి ఓదెలూ. టైం దాటి పోతె నీకెన్నడన్న దీపం ఇచ్చిండా?"

ఇవ్వలేదు. నేను తిరిగి ఇంటికి పోవలసి వచ్చిన రోజులున్నాయి. అందుకే నోరు జారాను. "ఈసారి పండుగకు నేను తీస్కపోత. జీపు ఉన్నది కద."

"అది వాగు దాటుతదా?"

"దాటుతదా అంటరేంది. కాసిపేట అడవిల నేను దాటని వాగు లేదు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. సగం చెయ్యమనలేదు. ఆమెకు ఆ మాట మొత్తంగా కావలసి ఉండింది. అదే నాకు భయం పుట్టించింది.

మంచిర్యాల పోయే రోడ్డు మీద శంకర్ షెడ్డు ఉంది. శంకర్ నాతో పనిచేసినవాడి కొడుకు, నన్ను కాకా అంటాడు. జీపు తీసుకుపోయి, డంపరంత ఎత్తు చెయ్యమన్నాను. స్ప్రింగుల కింద దిమ్మెలు పెట్టించి బాడీ లేపించాను. ట్రాక్టరువా అనిపించే టైర్లు వేయించాను. ముందు ఇనుప బంపరు, నెత్తిమీద క్యారియరు, దాని మీద వరసగా లైట్లు, వాగులో ఇంజను నీళ్లు పీల్చకుండా గాలి గొట్టం కప్పు దాకా. నిజానికి శంకర్ రెండుసార్లు వద్దన్నాడు. "కాకా, గింత ఎత్తు లేపితె పక్క వాలుల బండి పల్టీ కొడ్తది" అన్నాడు. నేను వినలేదు. ఇంటికి తెచ్చాక మా ఆవిడ చీపురు పట్టుకుని చుట్టూ తిరిగి చూసింది. "డంపరు పోయిందని ఏడ్చి ఏడ్చి, ఇంటి ముందటికే తెచ్చుకున్నవ్" అంది. నాకు అది పొగడ్తలా వినిపించింది.

పండుగ ఇంకా వారం ఉందనగా, ఊరికే ఒక చుట్టు తిప్పుకొద్దామని టీచర్ గేటు ముందు ఆపాను. వీధి వీధంతా చూడడానికి వచ్చింది. అంటే, ఎదురింటి వాళ్లు. ఆమె కర్ర పట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడింది. సీటు ఆమె ఛాతీకి తగిలింది. ప్లాస్టిక్ స్టూలు వేశాను. ఎక్కి ఒక కాలు ఎత్తబోయింది, మోకాలు లేవలేదు. నేను చంకల కింద పట్టుకోబోతే చేతి మీద కొట్టింది. ఇంకోసారి ప్రయత్నించి, స్టూలు దిగింది.

"ఇంతెత్తెక్కితె దావీదు సమాధి దాక ఎందుకు ఓదెలూ, సక్కగ దావీదు దగ్గరికే పోత" అంది.

ఎదురింటి వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఆమె లోపలికి పోయింది. వరండాలో కొత్త సున్నం బకెట్టు, కుంచె, నందివర్ధనం మొక్క ఒకటి కుండీలో సర్దిపెట్టి ఉన్నాయి. ఆమె ఆ మూడింటినీ ఒక్కొక్కటే లోపలికి జరపడం గేటు బయటి నుంచి చూశాను. ఒక మనిషిని తీసుకుపోవడానికి బండిని మార్చి, ఆ మనిషి ఎక్కగలదా అని మాత్రం ఆలోచించలేదు. నేను ఎక్కితే ఎలా కనిపిస్తానో అదే చూసుకున్నాను.

ఆ సాయంత్రమే శంకర్ దగ్గరికి పోయి, పెట్టినదంతా ఊడదియ్యమన్నాను. "మొత్తం ఊడదీస్తె వాగుల రాళ్లు అడుగుకు తగుల్తై కాకా. ఎత్తు కొంచెమన్న ఉండాలె" అన్నాడు. "ఆమె ఎక్కాలె, బండి దాటాలె. రెండూ కావాలె" అన్నాను. మర్నాడు టీచర్‌ను ఆటోలో షెడ్డుకు తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అక్కడి నుంచి పెత్తనం ఆమెది.

"నెత్తి మీద ఆ మంచమేంది?"

"సామాన్లకు టీచరమ్మా."

"మన సామాను ఒక బకెట్టు. తియ్యిపో. ఆ లైట్లు?"

"చీకట్ల..."

"మనం పోయేది పొద్దుగాల."

లైట్లు పోయాయి, క్యారియరు పోయింది, ఇనుప బంపరు పోయింది. గాలి గొట్టం దగ్గరికి వచ్చేసరికి శంకర్ అడ్డం నిలబడ్డాడు. "అమ్మా, ఇది మాత్రం తియ్య. ఇంజను నీళ్లు తాగితె మీరిద్దరు ఈదుకుంట రావాలె." ఆమె ఆలోచించి, "అది ఉండనియ్. ఓదెలుకు ఈత రాదు" అంది. నాకు ఈత రాదన్న సంగతి గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఆమెకు ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

ఎత్తు సగానికి దించాం. టైర్లు మార్చి, గాడులు లోతుగా ఉన్నవే, కాస్త చిన్నవి వేశాం. రాళ్లు తగిలినా ఇంజనుకు దెబ్బ లేకుండా అడుగున మందపాటి ఇనుప రేకు బిగించాడు శంకర్. ఇక మిగిలింది ఎక్కడం. ఇనుప మెట్టు పెడితే రాయికి తగిలి వంగిపోతుంది. శంకర్ పాత సామాన్ల దుకాణం నుంచి బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు ముక్క తెచ్చాడు. బొటనవేలంత మందం రబ్బరు. దాన్ని ఉయ్యాలలా వంచి ఎడమ తలుపు కింద వేలాడదీశాడు. రాయి తగిలితే పక్కకు జరుగుతుంది, కాలు పెడితే బరువు ఆపుతుంది. టీచర్ కాలు పెట్టి చూసి "ఇంక కిందికి" అంది. మళ్లీ విప్పి బిగించాడు. "ఇంక కొంచెం." మూడోసారికి, లోపల బిగించిన పిడి పట్టుకుని, ఎవరి చెయ్యీ తగలకుండా ఎక్కి సీట్లో కూర్చుంది. కూర్చుని ముందుకు చూసింది. షెడ్డు గోడ తప్ప ఏమీ లేదక్కడ. చాలాసేపు దాన్నే చూసింది.

పండుగనాడు పొద్దున్నే బయలుదేరాం. బకెట్టు ఆమె కాళ్ల మధ్య, మొక్క ఒడిలో. మట్టిగుట్ట చుట్టూ బాట గుంతలు పడి ఉంది. చిన్న గేరులో నడిపించాను, సున్నం చుక్క ఒలకలేదు. నిజానికి నా ప్యాంటు మీద పడింది, ఆమె చీర మీద పడలేదు. వాగు ఒడ్డుకు వచ్చి ఆపాను. నీళ్లు నడుము లోతు ఉన్నాయి. సరే, మోకాలు దాటి ఉన్నాయి. కానీ ఎర్రగా, అడుగు కనిపించకుండా పారుతున్నాయి.

"ఓదెలూ, ఇట్లాంటి వాగులు ఎన్ని దాటినవ్?"

"చాన దాటిన."

"సగం చెప్పు."

నేను స్టీరింగు చూశాను.

"సగంల సగం చెప్పు బిడ్డా."

"ఒక్కటి గూడ దాటలే టీచరమ్మా. డంపరు పోయే బాటల వాగులుండయి."

తిడుతుందనుకున్నాను. తలుపు తీసుకుని దిగిపోతుందేమో, వెనక్కి తిప్పమంటుందేమో అనుకున్నాను. ఆమె మొక్కను ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. "అయితె ఇద్దరికి కొత్తనే. ముందుగాల దిగి నడిచి చూసిరా" అంది.

దాటానని పట్టుబట్టి ఉంటే నేను దిగేవాణ్ణి కాదు. దాటినవాడు దిగి చూడడు కదా. ఆమె కర్ర తీసుకుని నీళ్లలోకి దిగాను. బండి జాడలున్న చోట, నేను తిన్నగా పోనిద్దామనుకున్న చోట, వానలకు కోసిన గుంత ఉంది. కర్ర పిడి దాకా మునిగింది. వాగుకు ఎగువన కొంత దూరంలో కాలికి గులకరాళ్లు తగిలాయి. అటూ ఇటూ నడిచి, గట్టి దారి ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో చూసుకుని వచ్చాను. అప్పుడు శంకర్ చెప్పింది గుర్తొచ్చి నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించాను. మెత్తబడిన టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది, బురదలో దిగబడదు. "ఓదెలూ, ఇంకెంతసేపు?" అంది పైనుంచి. చిన్న గేరు వేసి, యాక్సిలరేటరు మీద కాలు కదపకుండా, నడిచిన దారినే నడిపించాను. మధ్యలో వెనక చక్రం ఒకసారి జారింది. ఆమె కళ్లు మూసుకుని ఏదో చదువుకుంటోంది. నేనూ కళ్లు మూసుకుందామనుకున్నాను కానీ ఇద్దరిలో ఒకరైనా చూడాలి. అవతలి ఒడ్డు ఎక్కాక జీపు ఆపి, ఆమె కర్ర ఆమె చేతికిచ్చాను.

సమాధుల చుట్టూ ముళ్లకంప పెరిగి ఉంది. నేను కంప కొట్టాను, ఆమె కర్ర పక్కన పెట్టి రాయి మీద కూర్చుని తనకు అందినంత మేర తనే సున్నం వేసింది. నందివర్ధనాన్ని తలవైపు నాటింది. తర్వాత పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది. "మూడేండ్లు రాలేదని కోపం చెయ్యకు. బాట పోయింది. ఓదెలు తీస్కచ్చిండు. వాగు ఎట్ల దాటిండో వాడు నీకు చెప్తడు. సగం నమ్ము."

ఆ తర్వాత ప్రతి ఏడూ పోయాం. ప్రతి ఏడూ నేను ముందు దిగి నడిచేవాణ్ణి, ఎందుకంటే వాగు ప్రతి వానాకాలం గుంత చోటు మారుస్తుంది. పోయిన ఎండాకాలం టీచర్ పోయింది. ఆమె శవపెట్టెను నా జీపులో పెట్టుకుని, పొంగే వాగు దాటించి, దావీదు సారు పక్కకు చేర్చానని రాద్దామనే ఈ కాగితాలు ముందేసుకున్నాను. చక్కటి ముగింపు అది. కానీ అది ఎండాకాలం. వాగు ఎండి ఇసుక తేలింది. మామూలు వ్యాను తిన్నగా దాటిపోయింది. నా జీపుతో ఎవరికీ పని పడలేదు. నేను వెనకాల ఖాళీ సీటుతో పోయాను, అంతే.

ఈ పొద్దున మళ్లీ నీళ్లున్నాయి. దిగి నడిచాను, గుంత ఈసారి కుడిపక్కకు జరిగింది. రెండు సమాధులకు సరిపడా సున్నం తెచ్చాను. దారిలో షెడ్డు దగ్గర ఆగితే శంకర్, "కాకా, ఆ బెల్టు మెట్టు ఇంకెవలకు? తీసేస్తె బండి సాఫ్ ఉంటది" అన్నాడు. ఉండనియ్యమన్నాను. ఈ మధ్య నా మోకాళ్లు కూడా మాట వినడం లేదు. ఎవరూ చూడనప్పుడు ఎడమవైపుకు పోయి, ఆ మెట్టు మీద కాలు పెట్టి, పిడి పట్టుకుని ఎక్కి, ఆమె సీటు మీంచి జరుగుతూ స్టీరింగు దగ్గరికి చేరుకుంటున్నాను. ఎవరైనా చూసి అడిగితే కుడి తలుపు పట్టేసిందని చెబుతున్నాను. కుడి తలుపు బాగానే ఉంది.