బ్రేకు లేని బస్సు నడపనన్నాను

1948 ఎండాకాలం. నిజాం పాలనను ముగించిన పోలీసు చర్యకు ఇంకా కొన్ని నెలలున్నాయి. నేను అమ్రాబాద్ నుంచి అచ్చంపేటకు ఒక షావుకారు బస్సు నడిపేవాణ్ని. నల్లమలలో ఆ దారి ఘాట్ రోడ్డు, అంటే కొండ అంచున మెలికలు తిరుగుతూ దిగే బాట. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ.

ఆ ఉదయం ఘాట్ మొదట్లో బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా నేలదాకా పోయింది. మళ్లీ మళ్లీ తొక్కితేగాని బండి ఆగలేదు. బస్సు పైన జొన్న బస్తాలు. లెవీ పేరుతో అమీను, అంటే ఠాణా అధికారి, రైతుల దగ్గర గుంజుకున్నవి. లోపల అతనూ, అతని జవాన్లూ, ఊరివాళ్లూ కిక్కిరిసి ఉన్నారు. వెనక సీట్లో గొర్లు కాసే మల్లమ్మ అవ్వ, పక్కన పురిటి నొప్పులతో అచ్చంపేట దవాఖానకు పోతున్న ఆమె కోడలు.

"బ్రేకు పోతాంది సాబ్. గీ బరువుతోని దిగితే అందరం లోయల పడతం. బస్తాలు దించుండ్రి, మనుషులు నడువుండ్రి," అన్నాను.

అమీను నా చెంప పగలగొట్టాడు. "గింజలు సర్కారువి. దించుమననీకి నువ్వెవనివిరా? నడుపు!"

ఇంజిన్ ఆపి కిందికి దిగాను. "నడప. కొడితే కొట్టు. బండి మాత్రం కదలదు."

"గా పిల్ల సస్తే పాపం నీదే," అన్నాడు, కోడలిని చూపిస్తూ.

మల్లమ్మ లేచి నిలబడింది. "నా కోడలి పేరు జెప్పి నీ బస్తాలు మోయిస్తవా? ముందుగాల నువ్వు దిగు!"

ఊరివాళ్లు బిలబిలా దిగారు. ఇద్దరు పైకెక్కి బస్తాలు కిందికి తోశారు. అమీను తుపాకీ మీద చెయ్యి వేశాడు. జవాన్లు లోయ వైపు ఒకసారి చూసి, తామూ దిగారు. చివరికి అతనూ దిగక తప్పలేదు.

బరువు తగ్గింది కాబట్టి, నడవలేని కోడలినీ అత్తనూ మాత్రమే కూర్చోబెట్టుకుని ఫస్ట్ గేరులో బయల్దేరాను. ఆ గేరులో ఇంజినే చక్రాలను పట్టి ఉంచుతుంది. ఊరివాళ్లు చేతుల్లో రాళ్లతో రెండు పక్కలా నడిచారు. మూడో మలుపులో బ్రేకు పూర్తిగా చచ్చింది, బస్సు అంచు వైపు జారింది.

"రాయేయుండ్రి!" అని అరిచాను.

చక్రాల కింద రాళ్లు పడ్డాయి. లోయకు మూరెడు ఇవతల బస్సు ఆగింది. రాయి వేసినవాళ్లలో ఒక జవాను కూడా ఉన్నాడు.

అక్కణ్నుంచి కోడలిని గొంగడిలో మోసుకుంటూ దిగాం. దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బతికారు.

అమీను నన్ను రెండు రోజులు ఠాణాలో పెట్టాడు. షావుకారు పనిలోంచి తీసేశాడు. తప్పయిందని మాత్రం నేను ఎవరితోనూ అనలేదు. పోలీసు చర్య తర్వాత మళ్లీ స్టీరింగ్ పట్టి చాలా ఏళ్లు నడిపాను. "చెడిన బండిని పైవాళ్లు నడుపుమంటే ఏం జేయాలె అన్నా?" అని కొత్త డ్రైవర్లు అడిగేవారు. ఆ ఘాట్‌లో నేర్చుకున్నదే వాళ్లకు చెప్పేవాణ్ని.

"హుకుం వాళ్లది గావచ్చు, పానాలు పోయేది బండిల కూసున్నోళ్లవి, బాట మీద నడిసేటోళ్లవి. బండి బాగలేకుంటే దిగు. ఎవడొచ్చి ఎక్కుమన్నా ఎక్కకు."