ఒక్క సుట్టు తిరిగి రానీ

దశరథానికి శుభవార్త చెబితే కోపం వస్తుంది. చావు కబురు చెబితే కాదు. అప్పుడు కాస్త మెత్తబడి, తువ్వాలు భుజాన వేసుకుని అందరికంటే ముందు బయల్దేరతాడు. శుభవార్త చెబితేనే మండిపోతాడు. సూరత్ భేస్తాన్‌లో సిరిసిల్ల నుంచి వచ్చిన సాంచెల, అంటే మరమగ్గాల, పనివాళ్ళుండే గల్లీలో ఈ సంగతి పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. లడ్డూలు పంచేవాళ్ళు ఆయన వాటా పక్కింట్లో పెట్టి, చప్పుడు చేయకుండా జారుకుంటారు.

"సంబంధం కుదిరిందా? ఎవడు జూసిండు? ఒక్క సుట్టు తిరిగి రానీ, అప్పుడు జెప్పు!"

ఇదీ ఆయన మాట. పిల్లాడు పది పాసైనా ఇదే, సేఠ్ కూలి పెంచుతానన్నా ఇదే. ఎదురింటి ఉమాకాంత్ పెళ్ళిలో దంపతులు కాళ్ళకు మొక్కితే, అక్షింతలు గుప్పిట్లోనే పట్టుకుని, "ముందు ఒక్క సుట్టు తిరిగి రానీ" అన్నాడు.

"హోమం చుట్టు తిరిగినం గదా పెద్దబాపూ" అన్నాడు ఉమాకాంత్.

"గది తిరుగుడు గాదుర. సంసారం తిరగాలె!"

కొత్త పెళ్ళికూతురు సింధూజ ఆ ముసలాయన మీద కోపం పెంచుకున్నది ఆ రోజే. మూడేళ్ళయినా తగ్గలేదు.

దశరథం కోపానికి మూలం ఎక్కడుందో ఆయన భార్య వజ్రమ్మ ఆయన వినేట్టుగానే గల్లీ అంతా చెబుతుంది. పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిది. దశరథానికి ఇరవై ఏళ్ళు, సూరత్‌లోనే ఖటోదరాలో సాంచెల పని. కార్ఖానాలో ట్రాన్సిస్టర్ ఉన్నది ఆయనొక్కడికే. మన దేశం సొంతంగా చేసిన రాకెట్‌తో ఉపగ్రహాన్ని పైకి పంపబోతోందని రేడియోలో చెప్పినప్పటి నుంచీ కార్ఖానా రెండు ముక్కలైంది. పోతుందని సగం మంది, పడుతుందని సగం మంది. "ఎడ్లబండి నడపడం చేతకాని దేశానికి ఉపగ్రహమా!" అని సేఠ్ పొట్ట నిమురుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు దశరథానికి కారం రాసినట్టయింది.

సాంచెలు నడుస్తుంటే పక్కవాడు గొంతు చించుకున్నా వినబడదు. అందుకే ఆ పనివాళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. వేళ్ళు విరిచినట్టు చూపిస్తే పోగు తెగింది. అరచేత్తో పొట్ట నిమిరితే సేఠ్ వస్తున్నాడు. ఆ రోజు దశరథం రేడియోని చెవికి అదిమి పెట్టుకుని నిలబడ్డాడు. రాకెట్ నేల వదిలిందన్న ముక్క చెవిన పడింది. అంతే, రేడియో కింద పెట్టేసి చెయ్యి పైకప్పు వైపు లేపాడు. పైకి పోయింది!

సాంచెలన్నీ ఆగిపోయాయి. మోత ఆగిన కార్ఖానాలో ఈలలు మొదలయ్యాయి. దశరథం పరుగున పోయి, జేబులో ఉన్నదంతా పెట్టి పేడాలు తెచ్చి పంచాడు. ఒకటి తీసుకుపోయి సేఠ్ నోట్లో కుక్కాడు కూడా. సాయంత్రం అదే రేడియో పొద్దున ఆయన వినకుండా వదిలేసిన మిగతా సగం చెప్పింది. రాకెట్ లేచిన కొన్ని నిమిషాలకే బంగాళాఖాతంలో పడింది.

సేఠ్ సాంచెలు ఆగినందుకు కూలి కోసి ఊరుకోలేదు. ఏడాది పొడుగునా దశరథం ఎదురుపడినప్పుడల్లా చెయ్యి పైకెత్తి, కిందికి దించి, "బుడుంగ్!" అనేవాడు. మరుసటి ఏడు జూలైలో రెండో రాకెట్ వెళ్ళింది. ఉపగ్రహం నిజంగానే కక్ష్యలో తిరుగుతోందని అందరూ ఎగిరి గంతేస్తే దశరథం మాత్రం చేతులు కట్టుకుని, "ఒక్క సుట్టు తిరిగి రానీ" అన్నాడు. గంటన్నరకో చుట్టు తిరుగుతుందని ఎవరో అంటే, గంటన్నరా కార్ఖానా బయట ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. లోపలికి వచ్చేసరికి పేడాలు అయిపోయాయి. దేశం గెలిచిన రోజున దశరథానికి దక్కింది ఖాళీ డబ్బా.

నలభై ఏళ్ళు గడిచాయి. లాక్‌డౌన్ వచ్చింది. సాంచెలు ఆగిపోయాయి. కార్ఖానాకు తాళం వేసిన ఇప్పటి సేఠ్, ఫోన్‌కి కూడా తాళం వేసుకున్నాడు. ఉమాకాంత్‌కి ఆ రోజుల్లో కోపం రాని గంట లేదు. సేఠ్ మీద కోపం, రోగం మీద కోపం, బాల్కనీలో పళ్ళేలు మోగించే వాళ్ళ మీద కోపం. సింధూజకు ఏడో నెల. తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలి. సిరిసిల్లలో వాళ్ళమ్మ గదికి సున్నం వేయించి, పాత చీరలు ఉతికి పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఇక్కడ పిల్లను ఎత్తుకునే చెయ్యి లేదు. రైళ్ళు లేవు.

రైళ్ళు లేకపోతేనేం, రైలు కబుర్లు బోలెడున్నాయి. గల్లీ మొగన రీచార్జి కొట్టు పెట్టుకున్న శ్యాంసుందర్‌కి రోజూ పొద్దున్నే ఒక మెసేజ్ వచ్చేది. "సోమవారం రైలు పక్కా!" అని అరిచేవాడు. సగం గల్లీ మూటలు కట్టేది. దశరథం మాస్కు గడ్డం కిందికి లాగి బయటికి వచ్చేవాడు.

"ఎవడు జూసిండుర రైలును? ఇంజను జూసినవా, డబ్బా జూసినవా?"

"మెసేజ్ ఒచ్చింది పెద్దబాపూ!"

"మెసేజ్ ఎక్కి పోతవా సిరిసిల్లకు? మాస్కు పెట్టుకో ముందు!"

"నువ్వు పెట్టుకోలే గదా!"

"నేను తిట్టెటోన్ని! మాస్కు పెట్టుకుంటే తిట్లు ఎట్ల ఇనవడ్తయి నీకు?"

సోమవారం వచ్చేది, పోయేది. రైలు మాత్రం రాదు. "గా ముసలాయన నోరు జూడు, గాయన అన్నందుకే రాలేదు" అనేది సింధూజ. ఉమాకాంత్‌కీ అలాగే అనిపించేది. ఊరంతా ఆశ పట్టుకుని వేలాడుతుంటే ఒక్కడు కూర్చుని పీకుతుంటే ఎవరికి మండదు?

మే నెలలో కబురు ఈసారి గట్టిగానే వచ్చింది. పేర్లు రాసుకున్నారు. ఎల్లుండి పొద్దున మైదానంలో గుమిగూడాలన్నారు. ఉమాకాంత్ గది ఖాళీ చేయడానికి సిద్ధపడ్డాడు. స్టవ్, మంచం, ఫ్యాను మోసుకుపోలేడు. పోలీసుల కళ్ళు గప్పి భంగార్‌వాలా బండి గల్లీలోకి వచ్చింది. పాత సామాను కొనేవాడికి ఇంతకంటే మంచి రోజులుంటాయా? నోటికొచ్చిన ధర చెబుతున్నాడు. ఉమాకాంత్ పళ్ళు కొరుక్కుంటూ సరేననబోతుంటే వెనక నుంచి కేక వినబడింది.

"ఆగు! భంగారోడు ఇచ్చేదే నేనిస్త. రూపాయి ఎక్కువియ్య!"

దశరథం. ఒక్క ఉమాకాంత్ సామాను అయితే ఏమో అనుకోవచ్చు. గల్లీలో ఊరెళ్ళేవాళ్ళందరి స్టవ్‌లూ, మంచాలూ, కుక్కర్లూ బేరమాడి, తుప్పు పట్టిందని తిట్టి మరీ కొని, తన ఒక్క గదిలోకి ఎక్కించుకున్నాడు.

"శవాల మీద పేలాలు ఏరుకునుడు అంటే గిదే" అంది సింధూజ, ఆయనకు వినబడేటట్టే.

"ఏరుకుంటనే ఉంట బిడ్డా, నువ్వు మైదానంకాడికి నడువు. ఒక్క సుట్టు..."

"చాలు పెద్దబాపూ!" ఉమాకాంత్ మొదటిసారి ఆయన మీద గొంతు లేపాడు. "తొలి కాన్పుకు పోతున్నం. ఒక్క మంచి మాట రాదా నీ నోట్ల?"

ముసలాయన స్టవ్ చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు.

మైదానంలో ఎండ నిప్పులు చెరిగింది. మూటల మీద కూర్చుని, కూర్చుని, నీళ్ళ సీసాలు ఖాళీ అయ్యాక మైకులో చెప్పారు. ఈ రోజు రైలు లేదు. మళ్ళీ ఎప్పుడంటే తెలియదు. అడిగినవాళ్ళ మీద పోలీసులు లాఠీలు ఊపారు. ఉమాకాంత్ ఎవరిని తిట్టాలో తెలియక తన చెప్పునే తిట్టాడు. దాని పట్టీ తెగింది మరి. సింధూజను మెల్లగా నడిపించుకుంటూ వెనక్కి వస్తుంటే ఒకటే బెంగ. గదిలో పడుకోవడానికి చాప కూడా లేదు. దానికి తోడు ఆ ముసలాయన గుమ్మంలో నిలబడి ఉంటాడు, చెయ్యి పైకెత్తి కిందికి దించి "బుడుంగ్" అంటాడు.

నిలబడే ఉన్నాడు. గొంతు మైకుకన్నా పెద్దగా ఉంది.

"ఏ సముద్రంల వడ్డదిర మీ రైలు? కడుపుతోటి ఉన్న పిల్లను ఎండల గంతసేపు కూసోవెడ్తరా? వాళ్ళకు సిగ్గు లేకపాయె, నీకు తెలివి లేకపాయె! నిలవడ్డవేంది, లోపల్కి నడువు!"

ఉమాకాంత్ గది తలుపు తీశాడు. ఫ్యాను తిరుగుతోంది. మంచం వేసి, దుప్పటి పరిచి ఉంది. స్టవ్ మీద అన్నం గిన్నె ఇంకా పొగలు కక్కుతోంది. మూలన కుండ నిండా నీళ్ళు.

ఎదురింటి తలుపు తెరిచే ఉంది. లోపల మంచాల మీద మంచాలు, వాటి మీద కుక్కర్లు. వాటి మధ్య బియ్యం డబ్బా మీద ముడుచుకుని కూర్చుని ఉంది వజ్రమ్మ.

"మొన్నటి సంది కాళ్ళు చాపలేదు బిడ్డా నేను" అంది. "గీ మనిషి దుకాణం వెట్టిండు ఇంట్ల."

"మరేం జెయ్యాలె?" దశరథం ఆమె మీద విరుచుకుపడ్డాడు. "భంగారోడు కొంటే మల్ల వస్తదా? గప్పుడే ఇనుము జేసి అమ్ముకుంటడు! పైకి పోయెటోళ్ళకు కిందికి సూసే సోయి ఉండదు. కింద వడ్డంక బియ్యం దేంట్ల వండుకుంటరు, శ్యాంసుందర్ ఫోన్‌లనా?"

"పెద్దబాపూ, నువ్విచ్చిన పైసలు..."

"రైలు సిరిసిల్లకు వొయ్యి, ఒక్క సుట్టు తిరిగి ఒచ్చినంక ఇయ్యి. ఇప్పుడు అన్నం తిను!"

సింధూజ మంచం మీద కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవడం చూసి ముసలాయన ఇంకా మండిపడ్డాడు. "ఏడ్సుడు ఎందుకు? ఫ్యాను నెమ్మదిగ తిరుగుతున్నదా?" ఏడుపులోంచే ఆమెకు నవ్వొచ్చింది. మూడేళ్ళలో ఆయన మాటకు ఆమె నవ్వడం అదే మొదలు.

కాన్పు సూరత్‌లోనే అయింది. పెద్దాసుపత్రి వాళ్ళు తోడుగా ఒక్కరినే రానిస్తామన్నారు. వజ్రమ్మ చీర కొంగు బిగించి సింధూజ వెంట వెళ్ళింది. మగవాళ్ళిద్దరూ గేటు బయట రోడ్డు మీద. అంబులెన్సులు ఒకదాని వెనక ఒకటి అరుచుకుంటూ వస్తున్నాయి. ఆ మోతలో ఫోన్ కూడా వినబడదు. దశరథం పొద్దుటి నుంచి గేటు కాడి మనిషినీ, ఎండనూ, ఉమాకాంత్ నిలబడిన తీరునూ వరసగా తిడుతూనే ఉన్నాడు. చంకలోని గుడ్డ సంచి మాత్రం కింద పెట్టడు.

మధ్యాహ్నానికి రెండో అంతస్తు కిటికీలో వజ్రమ్మ కనబడింది. ఏదో అంది. వినబడలేదు. ఒకప్పుడు అదే ఖటోదరా కార్ఖానాలో కండెలకు నూలు చుట్టిన మనిషి కదా, ఆ చేతిభాషలోనే చెయ్యి పైకి లేపింది.

"పుట్టింది!" ఉమాకాంత్ ఎగిరాడు. అత్తకు చెప్పాలని ఫోన్ తీశాడు.

దశరథం ఆ ఫోన్ లాక్కున్నాడు. "ఆగు! ఇది సగమేర! మిగిలింది రానీ!" చూపు కిటికీ మీది నుంచి తిప్పడం లేదు. ఉమాకాంత్‌కి కోపం రాలేదు. తనూ పైకి చూశాడు.

వజ్రమ్మ ఒక వేలు తన గుండెకేసి చూపింది. తల్లి. రెండు చేతులూ ఊయలలా ఊపింది. బిడ్డ. తర్వాత చెయ్యి గాలిలో గుండ్రంగా, నెమ్మదిగా, ఒక పూర్తి చుట్టు తిప్పింది.

దశరథం ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. "ఇగ జెయ్యి. ముందుగాల సింధూజ మంచిగున్నదని జెప్పు, తర్వాత బిడ్డ సంగతి. సగం కబురు జెప్పినవంటే చంపుత!"

ఉమాకాంత్ ఫోన్‌లో అత్తతో మాట్లాడి, కళ్ళు తుడుచుకుని తిరిగి చూసేసరికి ముసలాయన గుడ్డ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూతతో కుస్తీ పడుతున్నాడు. లోపల పేడాలు. ఊళ్ళో మిఠాయి కొట్లన్నీ మూసే ఉన్నాయి. ఇవి ఇంట్లో చేసినవి, వంకరటింకరగా ఉన్నాయి.

"పెద్దబాపూ, గివి ఎప్పుడు జేసిండ్రు?"

"నిన్న."

"నిన్ననా? ఏదీ తేలకముందే?"

దశరథం ముఖం ఎర్రబడింది. చుట్టుపక్కల ఎవరైనా విన్నారేమోనని చూశాడు. తర్వాత ఉమాకాంత్ మాస్కు తనే కిందికి లాగి, పేడా నోట్లో కుక్కాడు.

"నోర్మూసుకొని తిను! ఈసారి గూడ డబ్బా ఖాళీ అయినంక రమ్మంటవా నన్ను?"