రెండో చెంబు

నేను పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుని బతికేదాన్ని. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే "వెలుతురు ఎటునుంచి పడింది? గాలి వీస్తోందా?" అని అడిగి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లే రకాన్ని. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళూ మొహమాటపడ్డాను. ఇందులో దెయ్యమేమీ లేదు. ఒక చెంబు ఉంది, అంతే.

తొంభైల నాటి మాట. మేం భిలాయిలో రిసాలి వైపు క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్నకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, రుఆబాంధాలో ఉండేది. సైకిల్ మీద వెళ్ళినా చెమట పట్టనంత దూరం. అయినా అక్కాచెల్లెళ్ళకు ఏళ్ళ తరబడి మాటల్లేవు. కారణం మా అమ్మమ్మ ఇత్తడి చెంబు.

శ్రీకాకుళం నుంచి తాతయ్య వెంట వచ్చేటప్పుడు అమ్మమ్మ తెచ్చుకున్న చెంబు అది. పొట్ట మీద చుక్కలు చుక్కలుగా 'సూరమ్మ' అని పేరు కొట్టించి ఉండేది. చిన్నప్పుడు అమ్మా పిన్నీ నాదంటే నాదని గుంజుకుని రుబ్బురోలు మీద పడేస్తే పేరు పక్కనే సొట్ట పడింది. అడుగున చిల్లు పడితే మాటు వేయించారు. నా చిన్నతనమంతా ఆ చెంబుతోనే నీళ్ళు తాగాను.

అమ్మమ్మ పోయి పెద్దకర్మ అయిన మర్నాడు చెంబు కనబడలేదు. "నువ్వే తీసావు" అంది అమ్మ. "నన్ను దొంగనంటావేటి?" అని పిన్ని మా గడప దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఇంతలో నాకు పెళ్ళి కుదిరింది. అమ్మకు ఒంట్లో బాగోని రోజుల్లో నన్ను చంకనేసుకుని పెంచింది పిన్నే. ఆమె రాకుండా పీటల మీద ఎలా కూర్చోవాలి? పిలవడానికి వెళ్తే "మీ అమ్మనొచ్చి పిలవమను" అంది. అమ్మేమో "సెంబు తెమ్మను, పిలుస్తాను" అంది. ఇద్దరికిద్దరే! నాకైతే ఏడుపొచ్చేది.

ఆ ఉక్రోషంలోనే ఒక ఆదివారం పొద్దున్నే మోపెడ్ తీసి ఒక్కదాన్నే బయటపడ్డాను. పెళ్ళయ్యాక ఇలా తిరగనిస్తారో లేదో అన్న బెంగ కూడా ఉందనుకోండి. స్టీలు టిఫిన్ బాక్సులో పులిహోర పెట్టుకుని, అరటిపళ్ళు పాలిథిన్ కవర్లో వేసుకుని బాలోద్ రోడ్డెక్కాను. కాసేపటికి బుద్ధి పుట్టిన చోట పక్కదారికి తిరిగాను.

ఆ దారి ఒక చిన్న ఊళ్ళోకి తీసుకెళ్ళింది. పేరు మాత్రం రాయను, చూడ్డానికని అందరూ ఎగబడితే పాపం వాళ్ళకే ఇబ్బంది. ఊరి మొదట్లోనే టీ కొట్టాయన నా కవర్ చూసి చెయ్యి చాపాడు. "దీదీ, ఝిల్లీ లోపలికి రాదు" అని కవర్ తీసి దాచి, పళ్ళు గుడ్డసంచిలో వేసిచ్చాడు. మట్టి ముంతలో టీ పోశాడు. నాకు నవ్వాగలేదు. ప్లాంటు టౌన్‌షిప్‌లో కుళాయి కట్టడం కూడా బద్ధకమే మాకు. ఇక్కడ స్నానాల నీళ్ళు బొప్పాయి చెట్లకు పోతున్నాయి, తిన్న విస్తళ్ళు ఆవులు తింటున్నాయి. వీధుల్లో చెత్త అన్నది కనబడలేదు.

ఒకరింట్లో బిడ్డ పుట్టిన వేడుక జరుగుతోంది. నేనెవరో ఏమిటో అడక్కుండానే ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి అన్నం పెట్టారు. ఆ ఊళ్ళో విందు సామానంతా ఉమ్మడిది. ఒక గదిలో ఉంటుంది, దాయీ అని అందరూ పిలిచే పెద్దావిడ చూసుకుంటుంది. తాగిన చెంబు తాగినవాళ్ళే తోమి బోర్లించాలి, చుట్టమైనా సరే.

నేనూ బూడిద తీసుకుని నా చెంబు తోమడానికి కూర్చున్నాను. బొటనవేలు తిన్నగా వెళ్ళి ఒక సొట్టలో కూర్చుంది. చెయ్యి ఆగిపోయింది. తిప్పి చూస్తే సూరమ్మ. బోర్లిస్తే మాటు.

చెంబు ఎక్కడిదని దాయీని అడిగాను. తాను కొత్తకోడలిగా వచ్చిన రోజు అత్తగారు దాంతోనే కాళ్ళ మీద నీళ్ళు పోసిందట. అప్పటికి భిలాయిలో ప్లాంటే లేదు. మా అమ్మమ్మ ఇటువైపు రానేలేదు. ఆ తెలుగు అక్షరాలను వాళ్ళు లతల ముగ్గు అనుకుంటున్నారు.

"మా అమ్మమ్మది" అని ఏడ్చేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "లే జా, నోనీ" అంది, తీసుకుపోవే పిల్లా అని. కాకపోతే ఒకటి తీస్తే ఒకటి పెట్టాలి, అదీ ఆ ఊరి పద్ధతి. నా పేరున్న టిఫిన్ బాక్సు అక్కడ పెట్టొచ్చాను. టీ కొట్టాయన నా కవర్ మడత పెట్టి మరీ తిరిగిచ్చాడు.

చెంబు ఒక ఊళ్ళో దొరికిందని చెప్పగానే అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒలమ్మో, సెల్లిని అన్యాయంగా అనీసినానే" అంటూ చీరైనా మార్చుకోకుండా మోపెడ్ వెనకెక్కి రుఆబాంధాకు పద అంది. పిన్ని తలుపు తీయగానే అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "సెంబు దొరికిందే. నాదే తప్పు, సెమించు సెల్లీ."

పిన్ని చెంబు వంక చూసింది. లోపలికి వెళ్ళి బియ్యం డబ్బా అడుగునుంచి గుడ్డలో చుట్టిందేదో తెచ్చి విప్పింది. అదే పేరు. అదే సొట్ట. అదే మాటు.

"తీసింది నానే అక్కా. అమ్మ గుర్తుకని దాసుకున్నాను. మరి ఇదేటి?"

అమ్మ రెండింటినీ మార్చి మార్చి చూసింది. "అయితే నానన్నదే నిజిమన్నమాట! సెమించమని కూడా నానే అడగాల్సొచ్చిందే!" అని పకపకా నవ్వింది. పిన్ని ఏడుస్తూనే నవ్వింది. ఎన్నేళ్ళకో వాళ్ళిద్దరి నవ్వూ ఒక్కచోట వినిపించింది. నా గుండెల మీది బరువు దిగింది.

నా బుద్ధి ఊరుకోదుగా, రెండూ నేను పనిచేసే స్కూలు ల్యాబుకు తీసుకెళ్ళి త్రాసులో పెట్టాను. ముల్లు అటూ ఇటూ జరగలేదు. భూతద్దంతో చుక్కలు చూశాను. తేడా కనిపెట్టలేకపోయాను.

పెళ్ళి ముందు రోజు పిన్ని మా ఇంట్లోనే ఉండి, రెండు చెంబులూ చింతపండుతో తోమి ఎండలో పెట్టింది. తీసుకునేటప్పుడు ఏది ఏదో కలిసిపోయింది. చేతికందిన ఒకటి అమ్మ తీసుకుంది, రెండోది పిన్ని తీసుకుంది. ఆ ఊరి నుంచి వచ్చింది ఏదో, డబ్బాలో దాచింది ఏదో ఈ రోజుకీ తెలియదు. త్రాసుకు అందనిది నాకు మాత్రం ఏం అందుతుంది? ఎప్పుడైనా పోల్చి చూద్దామని నేను చెయ్యి పెట్టబోతే, అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్క గొంతుతో "నీకేటే? ఒగ్గేయ్!" అని నన్నే కసురుతారు.