తుపాను రోజు అడై

పెనం మీద పప్పుల అడై కాలే వాసన వస్తే, నెల్లితోపులో మా ఇంటి తుపాను సాయంత్రం ఒకటి గుర్తొస్తుంది. సైకిలు మీద ఏంబలం వెళ్లిన నాయన ఇంకా రాలేదు. దారిలో వాగు పొంగిందన్నారు. నాయనమ్మ మోకరించి ప్రార్థన చేసి, లేచి అడైకి పిండి రుబ్బడం మొదలుపెట్టింది.

"నాయన యాడున్నాడో తెలీదు, నీకు బయం లేదా?" అని కోపంగా అడిగాను.

"ప్రభువుకి చెప్పేసినా కదా పాపా. మీ నాయన ఆకలితో వస్తాడు. నువ్వు తప్పుకో."

చీకటి పడేలోగా నాయన తడిసి ముద్దయి వచ్చాడు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, "ఏందమ్మా, సముద్రాన్నే పోసి రుబ్బినావా?" అన్నాడు.

అందరం నవ్వాం. ఉప్పు వేసిన సంగతే మరిచి మళ్లీ మళ్లీ వేసిందంటే, ఆమె ఎంత భయపడి ఉంటుందో నాకు తట్టలేదు. భయం లేనివాళ్లే దేవుణ్ణి నమ్ముతారని అప్పట్లో అనుకునేదాన్ని.