ఊరి పేరు మీదుగా పోయిన విమానం

విమానాల చప్పుడు మాకు వినపడేదే కాదని డర్బన్‌లో మా ఇంటి యజమాని అవ్వ మనవరాలు ఎవరితో చెప్పినా నమ్మకండి. పోయిన వారం ఫోన్లో నాతోనే అంది, ఆ ఇంటి వెనక గదుల్లో మూడేళ్ళు అద్దెకున్న నాతో! "దాని కిందే పుట్టాం కదా ఆంటీ, మాకేం తెలిసేది కాదు" అని ఇంగ్లీషులో, వాన గురించి చెప్పినంత తేలిగ్గా. విమానాశ్రయం డర్బన్‌కి ఉత్తరాన ఎక్కడికో తరలిపోయి ఏళ్ళయింది. ఆకాశం ఖాళీ అయ్యాక ఎవరేం చెప్పినా చెల్లుతుంది. నేను మాత్రం ఒప్పుకోను. వినపడకపోతే ఆ ఇంట్లో అందరూ మాట మధ్యలో, నోరు తెరిచింది తెరిచినట్టే, ఎందుకు ఆగిపోయేవాళ్ళు?

ఆగడం ఆ ఇంటి పద్ధతి. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ మొదటిసారి ఒకే క్యూలో నిలబడి ఓటేసిన ఎన్నికల మరుసటి ఏడు, మా ఆయనకి మొబేనిలో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చి, నేను రాజమండ్రిలో చరిత్ర పాఠాలు చెప్పుకునే కాలేజీ వదిలి, విమానాశ్రయం పక్కనే ఉన్న మెర్‌బ్యాంక్‌లో ఆ గదుల్లో దిగాం. మొదటి రోజే అవ్వ టీ ఇచ్చి "పాలు కావాల్నా, లేక..." అని ఆగిపోయింది. నాకు అర్థమయ్యేలోపు ఇల్లంతా వణికింది. అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. పెరట్లో పనసాకుల మీద నీడ పరుగెత్తింది. అదంతా సద్దుమణిగాక అవ్వ, ఏమీ జరగనట్టు, "...ఉత్తిదే తాగతావా?" అని ముగించింది. భోజనం ముందు ప్రార్థన కూడా అంతే. బాప్టిస్టు కుటుంబం, తెలుగు ప్రార్థన, మధ్యలో విమానం. దేవుడూ ఆ ఇంట్లో ఆగేవాడు, మిగిలిన ముక్క కోసం.

ఈ పద్ధతి నాకు ఒంటబట్టలేదు. ఒకరి కోసం నోరు మూసుకునే అలవాటు పుట్టింట్లోనే లేదు, ఇక విమానం కోసమా? ఆ చప్పుడుకి మించి అరిచేదాన్ని. ఎవరికీ వినపడేది కాదు, గొంతు మాత్రం పోయేది. వర్క్ పర్మిట్ రాక ఇంట్లో కూర్చున్న రోజులవి, కాబట్టి విమానాశ్రయం వాళ్ళకి ఉత్తరాలు రాశాను. "మీ విషయం గమనించాం" అని మర్యాదగా జవాబొచ్చింది. మళ్ళీ రాశాను, మళ్ళీ గమనించారు. "వాళ్ళు గమనిస్తూనే ఉంటారు, నువ్వు ఇస్త్రీ చెయ్" అన్నారు మా ఆయన. ఆ రోజు ఆయన చొక్కా ఇస్త్రీ లేకుండానే మొబేని వెళ్ళింది.

అరిచినా లాభం లేదని తెలిశాక ఇంకో జబ్బు అంటుకుంది. ఎదుటివాళ్ళు ఏదన్నా అంటుండగా విమానమొస్తే, తల ఊపేయడం. పెద్దవాళ్ళని "ఏంటి, ఏంటి" అని రెండుసార్లు అడగడం బాగుండదని మా అమ్మ నేర్పిన మర్యాద ఒకటి ఉంది చూడండి, దానికి చేతకానితనం తోడైంది. ఊపితే గొడవ లేదు.

అవ్వకి తెలుగు మాట్లాడే మనిషి దొరకడం పెద్ద సంబరం. తల్లీతండ్రీ లేని మనవరాల్ని తనే పెంచింది. ఆ పిల్లకి అప్పుడు పందొమ్మిదేళ్ళు, నర్సు చదువు. దానికి వచ్చిన తెలుగల్లా తిట్లూ, కూరల పేర్లూ. అవ్వ తెలుగు మాత్రం విశాఖ వైపు నుంచి చెరుకు తోటల పనికి ఓడలో వచ్చిన తన అవ్వ దగ్గర నేర్చుకున్నది, మా నాయనమ్మ కూడా అనని మాటలు అందులో ఉండేవి. "ఏటి గుంటా, మొగం అలా ఎట్టుకున్నావు? తిన్నావా లేదా?" అని కిటికీలోంచి కేకేసేది. తిన్నానంటే "ఐకోనా, ఏం తిన్లేదు నువ్వు" అని, అక్కడి జూలూ మాటతో కాదనేసి, తనే తీర్పు చెప్పేసి పళ్ళెం పంపేది.

ఆ రోజుల్లో అందరి నోటా ఇండియా మాటే. రెండు దేశాల మధ్య ఇన్నాళ్ళూ మూసిన తలుపు తెరిచారు, ఎవరైనా వెళ్ళొచ్చు. అవ్వ చర్చిలో ఇద్దరు ముగ్గురు తమ పెద్దల ఊళ్ళు చూసి కూడా వచ్చారు. అవ్వ దగ్గరున్న, వాళ్ళవ్వ ఓడ కాగితంలో జిల్లా పేరుంది, ఊరు ఉండాల్సిన చోట సిరా అలికిపోయి మరక మిగిలింది. చిన్నప్పుడు విన్న పేరు ఎంత తవ్వినా నోటికి రావడం లేదు. "ఊరు తెల్వకుండా పోయి ఎవుల్ని అడుగుతాను? మా ముసిల్దాని ఊరు ఎక్కడని రోడ్డు మీద నిలబడి ఏడుస్తానా?" అనేది.

ఒక శనివారం పొద్దున్న వెనక మెట్ల మీద ఇద్దరం తోటకూర బాగుచేస్తున్నాం. అవ్వ చేతిలో కాడ వదిలేసి, నా మోచెయ్యి పట్టుకుంది. "గుంటా! వచ్చినాది! మా ఊరి పేరు..."

విమానం. చక్రాలు దించుకుని, పైకప్పు మీద కూర్చుంటుందా అన్నంత కిందుగా. అవ్వ ఆగలేదు. ఆ పేరు చెప్పేసింది. పెదాలు రెండుసార్లు కలవడం చూశాను. ఈ రోజుకీ నా దగ్గరున్న ఆధారం అదొక్కటే. కళ్ళు పెద్దవి చేసి నా మొహంలోకి చూస్తోంది, ఎరుగుదువా అన్నట్టు.

నేను తల ఊపాను.

చప్పుడు తగ్గేసరికి అవ్వ ఏడుస్తోంది. "నువ్ ఎరుగుదువు! మా ఊరు ఉన్నాది ఇంకా!" అని నా రెండు చేతులూ ముద్దుపెట్టుకుంది. అప్పుడు చెప్పాల్సింది. "వినపడలేదు అవ్వా, మళ్ళీ చెప్పు" అంటే సరిపోయేది. నలుగురిలో ఎవరితోనైనా వాదించి గెలిచే నాకు ఆ ఒక్క వాక్యం నోట రాలేదు. రేపు అడుగుదాం అనుకున్నాను. రేపు ఆదివారం. చర్చిలో అందరికీ చెప్పేసింది, మా ఇంట్లో పిల్లకి మా ఊరు తెలుసని.

తర్వాత పక్కదారుల్లో ప్రయత్నించాను. "మీ ఊరికి దగ్గర పెద్ద ఊరేది అవ్వా?" అన్నాను. "నీకు తెల్సు గదా, నన్నడుగుతావేటి?" అంది. "నీ నోటితో వినాలని ఉంది" అన్నాను, సిగ్గు లేకుండా. కాసేపు ఆలోచించి నవ్వేసింది. "మళ్ళీ పోయినాది. పోతే పోనీ. నువ్ గుర్తెట్టుకున్నావు గదా, నాకేటి బెంగ?"



రెండేళ్ళకి అవ్వకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నేను ఆంధ్రా మ్యాపు తెప్పించుకుని, ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని, ఆ జిల్లాలో ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివాను. పెదాలు రెండుసార్లు కలిసేవి ముందు, తర్వాత అన్నీ. బొబ్బిలి అన్నా నవ్వింది. మా అమ్మ పుట్టిన ఊరన్నా నవ్వింది. పరీక్షకని హైదరాబాదు అన్నాను, దానికీ అదే నవ్వు. మనవరాలు గుమ్మంలో నిలబడి, నేను అవ్వకి కబుర్లు చెబుతున్నాననుకుని, కళ్ళు తుడుచుకుంది. నెల తిరక్కుండానే అవ్వ వెళ్ళిపోయింది. మేమూ పీటర్‌మారిట్జ్‌బర్గ్ మారిపోయాం.

పోయిన వారం ఫోను దీని కోసమే. మనవరాలు విశాఖపట్నానికి టికెట్లు కొనుక్కుంది. "ఊరి పేరు స్పెల్లింగ్ చెప్పండి ఆంటీ, రాసుకుంటా" అంది. పెన్ను పట్టుకున్న చప్పుడు కూడా వినపడింది, ఇప్పుడన్నీ ఎంత బాగా వినపడతాయో! దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత నిజం చెప్పాను. వినపడలేదని, ఊరికే తల ఊపానని.

తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండును, జవాబైనా చెప్పుకునేదాన్ని. చివరికి నెమ్మదిగా, "ఆ శనివారం నేను లోపలే ఉన్నాను ఆంటీ. అవ్వ ఏడవడం విని బయటికొచ్చి, అదే నిమిషంలో అడుగుదామనుకున్నాను. మీకు తెలుసు కదా అని ఊరుకున్నాను" అంది.

దీనికి ఎవరితో వాదించను? టికెట్లు రద్దు చేసుకోలేదు, ఊరికే వెళ్ళొస్తానంది, జిల్లా అయినా చూసి. విమానం పోవడానికి అర నిమిషం పట్టేది, ఆ తర్వాత నాకు రెండేళ్ళున్నాయి. కాలం తక్కువైందని ఎవరైనా ఏడిస్తే నాకు ఒళ్ళు మండేది అందుకే. కాలం ఎప్పుడూ చాలినంత ఉంటుంది, దాన్ని రేపటికి తోసేవాళ్ళమే మనం. నా తప్పు నాకు తెలుసు. కానీ అవ్వనొకటి అడగాలని ఉంది. నలభై ఏళ్ళు ప్రతి విమానానికీ, ప్రార్థనలో కూడా ఆగిన మనిషివి, ఆ రోజు ఎందుకాగలేదు? నీకు అప్పటికే చెవులు పోయి, మా మొహాలు చూసి ఆగుతున్నావా, లేక అన్నేళ్ళకి నోటికొచ్చిన పేరు, అర నిమిషం ఆగితే మళ్ళీ పోతుందని భయపడ్డావా?