తిట్టు తెగని దూరం

తాతయ్యకు ఉన్న రోగం ఒక్కటే. పెట్టె మీద అచ్చువేసిన మాటను ఆయన నమ్మడు. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాడు గాని, పదవి మాత్రం ఆయన్ని వదలలేదు. అగ్గిపెట్టె కొంటే పుల్లలు లెక్కపెడతాడు. దారపు ఉండ కొంటే హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకు విప్పి కొలుస్తాడు. తిరిగి చుట్టే పని నానమ్మది. దగ్గుమందు చెంచాడు తక్కువైందని సీసా పట్టుకుని షాపుకు బయలుదేరిన రోజున, కోపంతోనే ఆయన దగ్గు తగ్గిపోయింది. ఆ వైద్యం సంగతి డాక్టర్లకు ఇంకా తెలిసినట్టు లేదు.

ఉద్యోగంలో ఉండగా వెనక సందులోని కిరాణా కొట్టాయన తక్కెడ అడుగున దాచిన అయస్కాంతాన్ని కనిపెట్టి, ఆ కొట్టుకు సీలు వేశాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు ఆకాశాన్ని, ఒకరు చెప్పులను చూసుకుంటూ వెళ్ళిపోతారు.

ఇలాంటి మనిషికి వైఫై రూటరు కొనే పని అప్పజెప్పడం అమ్మ చేసిన తెలివితక్కువ పని. ఇంట్లో ఖాళీగా ఉన్నది ఆయనొక్కడే కదా అనుకుంది పాపం.

అమ్మ వీధిగదిలో చిన్న ఆఫీసు నడుపుతుంది. ఇళ్ళకు, బడులకు ప్లాన్లు గీసే పని. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక సహాయకురాలు. పాత రూటరుకు వయసు మీద పడి, మాట మధ్యలో కునుకు తీయడం అలవాటైంది. కట్టడాల కంపెనీ మేడమ్‌తో అమ్మ వీడియోలో మాట్లాడుతుంటే బొమ్మ బిగుసుకుపోయింది. నోరు తెరిచి, ఒక కన్ను మూసి, అవతలి తెర మీద అమ్మ అలాగే ఉండిపోయింది. మేడమ్ చాలాసేపు మర్యాదగా భరించి, ఫోన్ చేసి, సోమవారం మళ్ళీ మాట్లాడదామంది. ఈసారి కూడా తెగితే బడి ప్లాను వేరేవాళ్ళకు ఇచ్చేస్తామంది. ఆ పని వస్తే అమ్మకు ఏడాది నిశ్చింత. రాకపోతే సహాయకురాలిని మాన్పించాలి.

మొదటి రూటరు వచ్చింది. పెట్టె మీద ‘ఇల్లంతా ఒకే వేగం’ అని ఉంది.

“ఏ ఇల్లు? వాడిదా, మనదా?” అన్నాడు తాతయ్య.

పరీక్ష పెట్టే పద్ధతి ఆయనే కనిపెట్టాడు. రూటరు పక్కన నానమ్మను కూర్చోబెట్టి చేతికి టాబ్లెట్ ఇచ్చాడు. తాను ఫోన్‌లో వీడియో కలుపుకుని, రెండో చేత్తో సుద్దముక్క పట్టుకున్నాడు. నడుస్తూ పోతాడు, ఆమె మాట ఎక్కడ తెగితే అక్కడ గోడ మీద గీత గీస్తాడు.

“ఏం మాట్లాడనండీ?” అంది నానమ్మ.

“ఏదో ఒకటి. ఆపకుండా మాట్లాడు.”

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట వినడం ఆవిడకు అదే మొదలు. సర్దుకుని కూర్చుంది. మంచం మీద పడేసే తడి తువ్వాలుతో మొదలుపెట్టి, చెల్లెలి పెళ్ళికి ముహూర్తం దాటాక తీసుకెళ్ళిన సంగతికి వచ్చి, ఆడపడుచు గుణగణాల్లోకి దిగింది. “మీ అక్కగారు నన్ను పట్టుకుని...” అన్నచోట, సరిగ్గా వంటింటి గోడ దగ్గర తెగింది. తాతయ్య గీత గీసి రూటరును మళ్ళీ పెట్టెలో పెట్టాడు.

వాపసు తీసుకెళ్తే, షాపువాడు దాని నాలుగు యాంటెన్నాలు చూపించాడు.

“మేకకు రెండే కొమ్ములు, పొడిచేది పొడవదూ? ఇల్లంతా వస్తుందని రాశావు. మా ఆవిడ తిట్టు వంటింట్లోకి రాలేదు.”

షాపులో ఉన్నవాళ్ళంతా అది ఫిర్యాదా, అదృష్టమా అని ఆలోచనలో పడ్డారు.

రెండో రూటరు బంగారం లాంటిది. హాలు, వంటిల్లు, మేడ మెట్లు, ఎక్కడ నిలబడినా తిట్టు గలగల పారింది. వీధిగదిలో అమ్మ తెర అద్దంలా ఉంది. అమ్మ ప్రాణం కుదుటపడింది. అప్పుడు తాతయ్య పెరటి గుమ్మం దగ్గర గీత గీసి, నిమ్మళంగా పెట్టె మూత వెతకడం మొదలుపెట్టాడు.

“ఇల్లంతా వస్తోంది కదా మామయ్యగారూ?”

“పెరట్లోకి కూడా వస్తుందని రాశాడు. రాలేదు.”

“పెరట్లో మనకేం పనండీ?”

“పని సంగతి కాదమ్మా. అబద్ధం అబద్ధమే.”

మామగారిని ఏమీ అనలేక అమ్మ పళ్ళు నూరుకుంది. మూడోది పెరట్లోకి వచ్చింది గాని, తడబడుతూ వచ్చింది. దాని ఎర్ర దీపం దొరికిపోయిన దొంగ కళ్ళలా ఆడుతోందని అదీ వాపసు చేశాడు. గోడలన్నీ సుద్దగీతలతో పిల్లలు ఆడి వదిలేసిన బడి వరండాలా తయారయ్యాయి. ఆయన వీధి మలుపు తిరగడం చూస్తే చాలు, షాపువాడు షట్టరు సగం దించేవాడు. నానమ్మకు మాత్రం తిట్లు అయిపోతున్నాయి. కొన్నిటిని రెండోసారి వాడాల్సి వచ్చింది.

ఆదివారానికి నాలుగోది వచ్చింది. దాన్ని తాతయ్య వెనక కిటికీలో పెట్టాడు. ఈసారి వాపసు అంటే ఎదురు చెప్పాల్సిందేనని అమ్మ తీర్మానించుకుంది. ఆయన ఫోన్ పట్టుకుని పెరటి తలుపు తీయగానే వెంటపడింది. ఆయన పెరట్లో ఆగలేదు. సందు దాటి, చుట్టూ చూసి, కొట్టాయన వెనక గదిలోకి దూరాడు.

అమ్మ గుమ్మం పక్కనే నిలబడిపోయింది. లోపల కొట్టాయన మంచం మీద ఉన్నాడు. తుంటి ఎముక విరిగి చాలాకాలమైంది. ఆయనకు కాలు ఎత్తే వ్యాయామం నేర్పే డాక్టరమ్మ ఫోన్‌లోనే వస్తుంది. మూడు పక్కలా కిటికీల్లేని గోడలున్న ఆ గదిలో సిగ్నలు నిలవదు. ఆమె “కాలు పైకెత్తండి” అంటుంది, ఈయన ఎత్తుతాడు, బొమ్మ బిగుసుకుపోతుంది. దించమనేవాళ్ళు లేక, చెప్పిన మాట దాటని రోగి కనుక, కాలు గాల్లో పెట్టుకుని కేకలు వేస్తుంటాడు. ఆ కేకలు మా పెరట్లోకి వినబడుతూనే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎవరిదో టీవీ అనుకుంది అమ్మ.

తాతయ్య చేతిలో నానమ్మ నిరాటంకంగా తిడుతోంది.

“బాగా వినబడుతోంది ఇన్‌స్పెక్టరూ,” అన్నాడు కొట్టాయన. “నాక్కూడా తగులుతోంది.”

“నోర్ముయ్. నీకోసం వచ్చాననుకుంటున్నావా? పెట్టె మీద రాసింది నిజమో కాదో చూడ్డానికొచ్చా.”

“సరే, చూడు. అక్కడ కాదు, దిండు దగ్గర చూడు. కాలెత్తినప్పుడు ఫోన్ ఇక్కడుంటుంది.”

తాతయ్య వంగి, దిండు పక్కన గోడ మీద గీత గీశాడు. నడుం పట్టేసి లేవలేకపోయాడు. కొట్టాయన చెయ్యందిస్తే దాన్ని పట్టుకుని, తిట్టుకుంటూ లేచాడు.

అమ్మ చప్పుడు చేయకుండా ఇంటికొచ్చేసింది. ఆయన రాగానే, ఏమీ ఎరగనట్టు, వెనక కిటికీలో ఉన్న రూటరు వీధిగదికి చాలదంది. వాపసు చేసిన ఆ రెండో రూటరును తెచ్చి ముందువైపు పెట్టి, దాన్నుంచి కిటికీలోని దీనికి తీగ లాగితే గాలిని నమ్ముకునే పని తగ్గుతుందంది. ఆఫీసు కంప్యూటర్ల జోలికి రాకుండా బయటివాళ్ళకు వేరే పేరుతో వైఫై ఇవ్వొచ్చని కూడా చెప్పింది.

“బయటివాళ్ళు ఎవరున్నారు మనకి?” అన్నాడు తాతయ్య గోడ వైపు చూస్తూ.

“ఎవరో ఒకరు వస్తారు కదండీ. పేరేం పెట్టమంటారు?”

“‘తక్కువ తూకం’ అని పెట్టు.”

రెండో రూటరు కోసం ఆయన స్వయంగా షాపుకు వెళ్ళాడు. తానే వాపసు చేసిన పెట్టెను తిరిగి ఇమ్మని అడిగితే, షాపువాడు ఒకసారి ఆయన్ని, ఒకసారి దేవుడున్నాడనుకునే దిక్కుని చూసి, తీసి ఇచ్చాడు.

సోమవారం మేడమ్‌తో మాట ఒక్కసారి కూడా తెగలేదు. అంతా అయ్యాక ఆమె అడిగింది: “మీ వెనక గోడ మీద ఆ గీతలేంటండీ?”

అమ్మ చెప్పింది. మేడమ్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, అలా కొలిచేవాళ్ళున్న ఇంట్లో గీసిన ప్లానైతే గోడ వంకర రాదంది. బడి పని అమ్మకే వచ్చింది. ఆ గీతలను తుడవొద్దని సహాయకురాలు పట్టుబట్టింది.

ఆ వారంలోనే కొట్టాయన ఇంటి నుంచి పంచదార పొట్లం వచ్చింది, ‘తూచుకో’ అన్న కబురుతో. తాతయ్య తూచాడు. రాసినదానికన్నా ఎక్కువ ఉంది. “ఎక్కువైనా తప్పే,” అంటూ ఆ ఎక్కువను కాగితంలో కట్టుకుని, వెనక సందులోకి వెళ్ళాడు. ఆ ఎక్కువ వాపసివ్వడానికి ఆయనకు రోజూ సాయంత్రమంతా పడుతోంది.

ఆయన్ని భోజనానికి పిలవడానికి నానమ్మ ఇప్పుడు గుమ్మం దాకా వెళ్ళదు. టాబ్లెట్ తీసి తడి తువ్వాలుతో మొదలుపెడుతుంది. మంచం దగ్గర ఇద్దరు ముసలాళ్ళూ తలలు దించుకుని, ఒక్క ముక్క కూడా తెగకుండా, పూర్తిగా వింటారు.