పెట్టె ఇంటికెళ్లిన రోజు

నా చిన్నప్పుడు, ఒక వేసవి సెలవుల్లో, మా తాతయ్య షెడ్డులో ఇనుము చెక్కే లేతు మిషన్ ఆగిపోయింది. ఆపింది నేనే, నా నోటి దురుసుతో. ఆ సంగతి నాకు వెంటనే తెలిసింది. ఒప్పుకోవడానికే ఆలస్యమైంది.

తాతయ్య హిందీ ప్రాంతంలోని స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక, అక్కడి పారిశ్రామికవాడ హథ్‌ఖోజ్‌లో ఆ చిన్న షెడ్డు పెట్టారు. దానికి ఆధారం ఒక మేస్త్రి. శ్రీకాకుళం వైపు మనిషి, కాపురం దగ్గర్లోని కార్మికుల బస్తీ ఖుర్సీపార్‌లో. ఎక్కువ జీతమిస్తామని ఎదురు షెడ్డువాళ్లు ఎంత పిలిచినా వెళ్లలేదు.

ఆ రోజు ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్ 4 నుంచి నా బడి స్నేహితుడొకడు వచ్చాడు. వాడి ముందు గొప్ప కోసం మేస్త్రిని చూపించి, "యే హమారా నౌకర్ హై" అన్నాను. మా నౌకరు అని. అంతటితో ఊరుకోక, చిటికె వేసి సమోసాలు తెమ్మన్నాను. ఆయన మిషన్ ఆపి, చేతులు తుడుచుకుని, తెచ్చిచ్చాడు. తర్వాత తన పనిముట్ల పెట్టెను సైకిలు క్యారియర్‌కు కట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ షెడ్డుల్లో మేస్త్రులు ఎవరి పనిముట్లు వాళ్లే సానబట్టి అలాంటి పెట్టెల్లో దాచుకునేవారు. పెట్టె షెడ్డులో ఉన్నంతకాలం మనిషి మనవాడు. పెట్టె ఇంటికెళ్లిందంటే పని మానేసినట్టే. నోటితో చెప్పే అలవాటు లేదు.

మర్నాడు ఆయన రాలేదు. ప్లాంటుకు అందించాల్సిన షాఫ్టు సగం పనితో మిషన్ మీదే ఉండిపోయింది. అది అందకపోతే ఇంకో పని రాదు, షెడ్డు మూతే. వీధిలో సైకిలు బెల్లు మోగినప్పుడల్లా గేటు దగ్గరికి పరుగెత్తాను. కూర్చోలేను, నిలబడలేను. చివరికి, ఆయన జీతం పెంచమని తాతయ్యకు సలహా ఇచ్చాను.

"జీతం సాలక ఎల్లినాడేట్రా? సమోసాలు ఎవుడు తెమ్మన్నాడో నాకు తెల్దనుకున్నావా?" అన్నారు.

సాయంత్రం నన్ను ఖుర్సీపార్ తీసుకెళ్లి, మేస్త్రి ఉండే వీధి మొదట్లో ఒక కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుండిపోయారు. "నువ్వెల్లు. నేనొస్తే మొగమాటానికి ఒప్పుకుంటాడు. మొగమాటానికొచ్చినోడు నిలవడు."

మేస్త్రి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పెట్టె పక్కనే ఉంది. "బాబాయ్, నిన్ను నౌకరన్నాను. తప్పయింది," అన్నాను.

"తాత పంపినాడా?"

"కొట్టు కాడ కూకున్నాడు. రానన్నాడు."

"ముసిలోడు గట్టోడే." పెట్టె వైపు చూశాడు. "రేపొస్తానని ఎదరోల్లకి సెప్పేసినాన్రా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన నవ్వలేదు, ఓదార్చలేదు. లేచి సైకిలు తీశాడు. "పెట్టె నువ్వు మోస్తావేటి?"

షెడ్డు దాకా మోశాను. ఖాళీ క్యారియర్‌తో సైకిలు నడిపిస్తూ ఆయన నా పక్కనే నడిచాడు. దారిలో ఒకసారి మాత్రం, "ఏటి, నౌకరోడి పెట్టె బరువుగున్నాదా?" అన్నాడు. వెనకాల తాతయ్య ఏమీ ఎరగనట్టు వస్తున్నారు.

ఆ సెలవులన్నీ షెడ్డులో టీ నేనే తెచ్చాను, మొదటి గ్లాసు ఆయనకే ఇచ్చాను. ఇప్పుడు నాకూ ఒక షెడ్డు ఉంది. కొత్తగా ఎవరు చేరినా వాళ్ల పెట్టెను గేటు నుంచి మిషన్ దాకా నేనే మోస్తాను. మీకెందుకు సార్ అని వాళ్లు మొహమాటపడతారు. బరువు చూసుకుంటున్నాను అంటాను.